ప్రార్థనయందలి యర్థము

క్రీ. శ. 1890 మొదలు 1892 వఱకు నడిచిన మూఁడేండ్లలో ఋగ్వేదసంహిత సాయణభాష్యముతోఁ గూడ నాలుగు సంపుటములుగా లండను నగరమున రెండవమాఱు ముద్రింపఁబడెను. పరిష్కర్త మాక్సుముల్లరు. ఈ గ్రంథమే మొదటిమాఱు 1849 మొదలు 1874 వఱకు ఆఱు సంపుటములుగా వెలువడినపుడు మొదట ఈస్టిండియా కంపెనీవారు దానికిఁ బోషకులుగా నిలిచిరి. రెండవ ముద్రణమునకుఁ బోషకులు మన విజయనగర ప్రభువులగు పూసపాటి ఆనందగజపతి మహారాజులుంగారు. సాయణాచార్యుఁడు తన వేదార్థప్రకాశమును రచించినది పంపాతీరమందలి విజయనగర రాజ్యమేలిన బుక్కరాయల యానతిచేత. అయిదువందల యేండ్లు గడచిన పిమ్మట నా భాష్యమును లోకమునకుఁ జేర్చిన ద్రవ్యము కళింగమందలి విజయనగరమునుండి వచ్చెను. పేరొక్కటి, సీమలు రెండు. ముఖపత్రముమీఁద విజయనగర మహారాజను పేరు చూచినవారు రెండింటి నొక్కటిగా భ్రమించుట సహజము.

ఈ సంగతి చరిత్రకారులకుఁ గ్రొత్త కాదు. కాని యిందొక ప్రశ్న కలదు. ఆనాఁడు మన సీమలో నాగావళీ వంశధారా తీరములందలి యగ్రహారములలో వేదమును స్వరము తప్పక వల్లించువారికిఁ గొఱఁత లేదు. వల్లెకుఁ బుస్తక మక్కఱలేదు. ప్రభువులు పోషించినది వల్లెను గాదు, వల్లింపఁబడుదాని యర్థమును. శబ్దము చేతిలో నుండఁగా నర్థమునకై యంత ధనమును వెచ్చింప నేల? ప్రార్థనకును బ్రార్థించువాని యెఱుకకును గల సంబంధ మెట్టిది? ఈ ప్రశ్నమును మన పూర్వులు విచారించిరి. మన విజయనగరముననే యొక మహానుభావుఁడు తన పద్ధతిని దీనికి సమాధానము కల్పించెను. దూరదేశమున యూదమతాచార్యుఁడొకఁడు వేఱొక పద్ధతిని సమాధానము చెప్పెను. ఈ మువ్వురి మాటలను జేర్చి చూచుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

నే నీ విచారమునకుఁ బూనుకొనుటకు హేతువును మొదటనే విన్నవింతును. కొన్ని సంవత్సరముల క్రిందట నాగావళీతీరమందలి మా గ్రామమున నా మేనల్లునికి ఉపనయనము జరిగెను. నాలుగు దినములు గడచిన పిమ్మట సాయంసంధ్యవేళ నా బాలుఁడు నా ప్రక్కఁ గూర్చుండి, జపము ముగించి, “మావయ్యా! ఈ మంత్రములో మనము దేవుని నేమి యడుగుచున్నాము?” అని ప్రశ్నించెను. ముప్పది యేండ్లు సిద్ధాంతకౌముదిని బాఠము చెప్పినవాఁడను. ఆ మంత్రమందలి ప్రతిపదమునకును ధాతువేది, ప్రత్యయమేది, లకార మేదియని గడగడ చెప్పితిని. బాలుఁడు శ్రద్ధగా విని, “అది సరే, అడుగుచున్న దేమి?” అని మరలఁ బ్రశ్నించెను. అప్పుడు నాకొక్క సంగతి తోఁచెను. పన్నెండవయేఁటనుండి నేను దినమునకు ముమ్మాఱు నా మంత్రమును జపించుచుంటిని గాని యడిగిన దేమియుఁ గానరాదు. మా బుద్ధులను బ్రేరేపింపుమని సవితృదేవుని వేఁడు మంత్రమును బుద్ధిని దూరముగాఁ బెట్టి పలుకుచుంటిని. వ్యాకరణ మర్థమునకు ద్వారమని శిష్యులకుఁ జెప్పుచు, నేను ద్వారముకడనే నిలిచిపోయితిని.

మంత్రముల కర్థము కలదా లేదా యను వాదము మిక్కిలి ప్రాచీనమైనది. యాస్కాచార్యుఁడు నిరుక్తమున కౌత్సుని మతము నుదాహరించి ఖండించియున్నాఁడు. కౌత్సుని పక్ష మిది: మంత్రములందు పదముల క్రమము మార్పరాదు, పర్యాయపదము వాడరాదు, ఏ మంత్ర మెక్కడ వినియోగింపవలెనో బ్రాహ్మణము వేఱుగ విధించుచున్నది, ఓషధులను ఱాళ్లను జేతనములవలె సంబోధించుట పొసఁగదు, పరస్పరవిరుద్ధములగు మాటలు కలవు, కొన్ని పదముల కర్థమే తెలియదు, కావున మంత్రములు నిరర్థకములు, ఉచ్చారణమాత్రమే ప్రయోజనము. యాస్కుఁ డొక్కొక్క యాక్షేపమునకు సమాధానము చెప్పెను. క్రమనియమము లోకమందలి మాటలలోను గలదు. అర్థము తెలియకుండుట తెలియనివాని దోషమే గాని మంత్రదోషము కాదు. అర్థ మెఱుఁగక వేదమును మోయువానిని బరువుమోయు స్తంభముతోఁ బోల్చిన ప్రాచీనవచనమును ఆయన యక్కడ నెత్తి చూపెను. మీమాంసకులును మంత్రాధికరణమున మంత్రములు అర్థమును బ్రకాశింపఁజేయుటకే యని నిర్ణయించిరి. పతంజలి పస్పశాహ్నికమున వ్యాకరణప్రయోజనములను జెప్పుచు, అర్థము తెలియని యధ్యయనమును నిప్పులేని చోటఁ బడిన యెండుకట్టెతోఁ బోల్చెను. సాయణుఁడు తన ఋగ్భాష్యభూమికలో నీ వాదమునంతయు మరల నెత్తుకొని, యర్థపక్షమును స్థాపించిన తర్వాతనే భాష్యమునకుఁ దొడఁగెను.

ఇట్లు నిరుక్తము, వ్యాకరణము, మీమాంస యను మూఁడు శాస్త్రములును నొక్కకంఠముగాఁ దీర్పు చెప్పినను, వ్యవహారమునఁ గౌత్సుఁడే గెలిచెననుట విచారకరమైన సత్యము. శాస్త్రసభలో నోడినవాఁడు ఇంటిమందిరమున నిలిచెను. దీనికిఁ గారణ మొకటి కలదు. శబ్దమును గాపాడుట యత్యంతకష్టసాధ్యము. పద క్రమ జటా ఘనములతో దానిని గాపాడిన పెద్దలకు జీవితకాల మంతయు నా పనికే చాలెను. ఆ శ్రమను దక్కువచేసి మాటాడుట కృతఘ్నత యగును.

అంతియకాదు. శబ్దమును గాపాడుటయు నర్థమునకొఱకే. త్వష్టృప్రజాపతి కథను వ్యాకరణము చదివినవారందఱు నెఱుఁగుదురు. ఇంద్రుని జంపఁగల పుత్త్రునిఁ గోరి యాతఁడు హోమముచేయుచు ‘ఇంద్రశత్రు’ శబ్దమును బలికెను. అంతోదాత్తముగాఁ బలికిన తత్పురుషము: ఇంద్రునికి శత్రువు, అనఁగా నింద్రుని సంహరించువాఁడు. ఆద్యుదాత్తముగాఁ బలికిన బహువ్రీహి: ఇంద్రుఁడే సంహర్తగాఁ గలవాఁడు. త్వష్ట స్వరము తప్పి యాద్యుదాత్తముగాఁ బలుకఁగా వృత్రుఁ డింద్రునిచేత హతుఁడయ్యెను. ఈ కథను మనము స్వరభయమును బోధించుటకే వాడుచుందుము. కాని స్వరము తప్పిన నేల ముప్పు కలిగెను? స్వరము మాఱఁగా నర్థము మాఱెను గనుక. మంత్రము నిరర్థకమైనచో నే స్వరమునఁ బలికినను నష్టములేదు. కాఁబట్టి స్వరనియమమే యర్థమునకు సాక్షి.

ఇఁక ప్రార్థనాశబ్దమునే చూతము. చురాదిగణమందు ఉపయాచ్ఞ యను నర్థమునఁ బఠింపఁబడిన అర్థధాతువునకుఁ బ్రోపసర్గము చేరి, ణ్యంతముమీఁద యుచ్ ప్రత్యయము వచ్చి ప్రార్థన యను రూపము సిద్ధించుచున్నది. ఆ ధాతువు ఆగర్వీయములలోనిది, అనఁగా నిత్య మాత్మనేపది: ప్రార్థయతే. యజధాతువు మాత్ర ముభయపది. క్రియాఫలము కర్తకే చెందినపు డాత్మనేపదమును, పరునికిఁ జెందినపుడు పరస్మైపదమును వచ్చును. యజమానుఁడు ‘యజతే’, దక్షిణకై యితరునికొఱకు యాగము జరుపు ఋత్విజులు ‘యజంతి’. యజ్ఞము ననేకులు కలసి చేయుదురు గనుక నందు రెండు పదములకును దావున్నది. ప్రార్థనలో నట్లు కాదు. దానికిఁ బరస్మైపద మనునదియే లేదు. ఒకరు మనకొఱకుఁ బ్రార్థింపవచ్చును గాని మనము చేయవలసిన ప్రార్థనను మనకు బదులు చేయఁజాలరు. అయినను నేఁడు మన గృహములలో జరుగుచున్న దేమి? పురోహితుఁడు పలుకును, గృహస్థుఁడు ‘మమ’ యనుమన్నపుడు ‘మమ’ యనును, ఆ మాటకు నాది యని యర్థ మని యెఱుఁగఁడు. ఆత్మనేపదమును మనము పరస్మైపదముగా మార్చుకొంటిమి.

ఇట్టి విచారము మన దేశమునకే పరిమితమైనది కాదు. మనవలెనే ప్రాచీనభాషలోఁ బ్రార్థించుచు, మనవలెనే వ్యవహారమున నితరభాషల నాడిన జనులు యూదులు. వారి పవిత్రభాష హీబ్రూ. క్రీ. శ. 70వ సంవత్సరమున రోమకులు జెరూసలేమునందలి దేవాలయమును ధ్వంసము చేయఁగా, నక్కడ జరుగుచుండిన బలికర్మలు నిలిచిపోయెను. బలిస్థానమును ప్రార్థన యాక్రమించెను. ఆనాఁటినుండి ‘రబ్బీ’ లనఁబడు ఆచార్యులు వారి ధర్మమునకుఁ గాపరులైరి. రబ్బీ యనఁగా ‘నా గురువు’ అని యర్థము. క్రీ. శ. 200 ప్రాంతమున రబ్బీ యూదా సంకలనముచేసిన మిష్నా యను ధర్మసంహితలో నొక విచిత్రమైన పట్టిక కలదు. నిత్యము పఠింపవలసిన యేకేశ్వరప్రతిజ్ఞ, నిత్యప్రార్థన, భోజనానంతర స్తుతి మొదలగునవి యే భాషలోనైనఁ జెప్పవచ్చును. యాజకు లిచ్చు నాశీర్వచనము మున్నగు కొన్ని మాత్రము హీబ్రూలోనే చెప్పవలెను. మంత్రమునకును స్తోత్రమునకును మనము చేయు భేదమును దలఁపించు విభాగ మిది.

పండ్రెండవ శతాబ్దమున నుండిన మైమొనిడీసు (1138–1204) యూదధర్మశాస్త్రకారులలో నగ్రగణ్యుఁడు. స్పెయినుదేశమునఁ బుట్టి యీజిప్టునఁ దనువు చాలించెను. ఈయన తన ధర్మశాస్త్రమున నియతప్రార్థన యెట్లు పుట్టెనో చెప్పుచు, జనులు పరదేశవాసముచేత భాషాసాంకర్యమునకు లోనై తమ కోరికను జక్కఁగాఁ జెప్పుకొనలేకపోవఁగా, ఎజ్రాయు నాతని సభవారును బ్రార్థనావాక్యములను గూర్చి యిచ్చిరని చారిత్రకహేతువును జూపెను. అనఁగా మూఁగవోయిన మనస్సునకు మాట నిచ్చుటకే నియతవాక్యము పుట్టెను. ఆ మాటయే మరల మనస్సును మూఁగగాఁ జేసినచోఁ బ్రయోజనము తలక్రిందగును. అందుచేతనే ఆయన ‘కవ్వానా’ లేని ప్రార్థన ప్రార్థనయే కాదనియు, నట్లు చేసినవాఁడు మరలఁ జేయవలెననియు, మనస్సు కలఁతపడియున్నపుడు నెమ్మదించువఱకు నిలువవలెననియు శాసించెను. కవ్వానా శబ్దము గుఱికి నేరుగాఁ జేర్చుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మన యనుసంధానశబ్దము దీనికి మిక్కిలి సమీపము.

ఈ నియమమును శాస్త్రమునుండి నిత్యజీవనమునకుఁ దెచ్చుటకుఁ బాటుపడిన రబ్బీలలో సాంసన్ రాఫెల్ హిర్షు ప్రధానుఁడు. ఆయన 1808లో జర్మనీదేశమందలి హాంబర్గునఁ బుట్టెను. ఆయన బాల్యముననే, 1818లో, ఆ పట్టణమున సంస్కరణవాదులు క్రొత్త ప్రార్థనాలయమును దెఱచిరి. జనులకు హీబ్రూ తెలియదు గనుక కొన్ని ప్రార్థనలను జర్మనుభాషలోనికి మార్చిరి. తమకు సమ్మతముగాని కొన్ని భాగములను దొలఁగించిరి. పూర్వాచారపరులు దీనిని దీవ్రముగా నిరసించిరి. ఒకవైపున నర్థమునకై శబ్దమును విడుచువారు. మఱియొకవైపున శబ్దమునకై యర్థమును విచారింపనివారు. హిర్షు పూర్వాచారపక్షమువాఁడే. కాని యాచారమును నిలుపుటకు నిషేధము చాలదనియు, నర్థమును దెలుపవలెననియు నాయన గ్రహించెను. 1836లో ‘పందొమ్మిది లేఖలు’ అను గ్రంథమును, ఆ వెంటనే ‘హోరెబ్’ అను ధర్మగ్రంథమును బ్రకటించెను. 1851 మొదలు 1888లోఁ జనిపోవువఱకు ఫ్రాంకుఫర్టున ఆచార్యపదవి వహించి, 1853లో నచ్చట నొక పాఠశాలను నెలకొల్పెను. ప్రార్థనాగ్రంథమున కాయన చేసిన యనువాదవ్యాఖ్యలు మరణానంతరము 1895లో వెలువడెను. మూలమునం దొక్క మాటయు మార్పలేదు. ప్రతిమాటకును వెలుఁగు చూపెను.

ఆయన పద్ధతి వైయాకరణులకు మిక్కిలి ప్రీతికరముగ నుండును. హీబ్రూశబ్దములు ప్రాయికముగా మూఁడు హల్లులుగల ధాతువులనుండి పుట్టును. హిర్షు ధాతువును బట్టి శబ్దార్థమును, సదృశధ్వనులుగల ధాతువులను జేర్చి యర్థచ్ఛాయలను వివరించెను. ప్రార్థించుట కా భాషలో ‘హిత్పల్లేల్’ అను క్రియ కలదు. దానికి మూలమైన ధాతువునకుఁ దీర్పు చెప్పుట యని యర్థము. అందలి ‘హిత్’ రూపము క్రియ కర్తమీఁదికే మరలుటను దెలుపును. కావునఁ బ్రార్థన యనఁగాఁ దన్నుఁ దానే విమర్శించుకొనుట, తన్ను గూర్చి తానే తీర్పు చెప్పుకొనుట యని హిర్షు వ్యాఖ్యానించెను. దేవుని మనస్సును మార్చుట గాదు, దేవునియెదుటఁ దన మనస్సును మార్చుకొనుట. ఈ మాట చదివినపుడు మన ‘ప్రార్థయతే’ నాకు స్ఫురించెను. రెండు భాషలకు వంశసంబంధము లేదు; రెండింటి వ్యాకరణములును వేఱు. అయినను రెండుచోట్లను బ్రార్థనార్థకక్రియ యాత్మాభిముఖమైన రూపమునే ధరించియున్నది. దీనినుండి గొప్ప సిద్ధాంతమును లాగ నేను సాహసింపను. కాని యిది యాలోచింపఁదగిన సామ్యము.

హిర్షు నిర్వచనము లన్నియు శాస్త్రజ్ఞుల కంగీకార్యములు కావు. ధ్వనిసామ్యమును బట్టి ధాతువులను గలుపుటలో నాయన హద్దు మీఱెనని భాషాశాస్త్రజ్ఞు లాక్షేపించిరి. హిత్పల్లేల్ శబ్దమునకే యితరులు వేఱు వ్యుత్పత్తులు చెప్పిరి. యాస్కునియందును నిదే దోషమును జూపువారు కలరు. ఒక్క పదమునకు నాలుగు నిర్వచనములు చెప్పిన చోట నాలుగును జరిత్రప్రకారము సత్యములు కాఁజాలవు గదా. అయినను నిర్వచనమునకు రెండు ప్రయోజనములున్నవి. శబ్దచరిత్రను దెలుపుట యొకటి. పలుకువాని మనస్సును శబ్దముమీఁద నిలుపుట రెండవది. మొదటిదానఁ దప్పినను రెండవదాన సఫలమైన నిర్వచనములు పెక్కు గలవు. పండితు లీ రెండింటిని గలపి చెడఁగొట్టక, వేఱుచేసి గౌరవింపవలెను.

వాక్యములకు వలెనే కర్మలకును హిర్షు అర్థమును జూపెను. యూదులు ప్రాతఃప్రార్థనలో వేదవాక్యములు వ్రాసిన చర్మఖండముల నిమిడ్చిన చిన్న సంపుటికలను జేతికిని శిరస్సునకును గట్టుకొందురు. చేయి క్రియకు, శిరస్సు తలంపునకుఁ జిహ్నములు. రెండింటిని నీశ్వరునికి గట్టుపఱచుట దీని భావము. ఏడవదినమునఁ బనులు మానుట కేవలవిశ్రాంతి కాదు. తా నీ ప్రపంచమునకు యజమానుఁడు కాఁడనియు, దీనికొక స్రష్ట కలఁడనియు మనుష్యుఁడు క్రియారూపమున నొప్పుకొనుట. మన యంగన్యాస కరన్యాసములకును, సంకల్పమునకును, ఆచమనమునకును నిట్లే భావమును జెప్పిన గ్రంథములు మనకుఁ గొఱవడలేదు. కొఱవడినది వానిని బాలునికి వానిభాషలోఁ జెప్పు నలవాటు.

ఇఁక మన విజయనగరమునకు వత్తము. హిర్షు జర్మనీలోఁ బ్రౌఢవయస్కుఁడై యుండిన కాలముననే, 1864 ఆగస్టు 31వ తేదీని, బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున ఆదిభట్ల నారాయణదాసుగారు జన్మించిరి. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. 1883లోఁ బందొమ్మిదవయేఁట ధ్రువచరిత్రముతో హరికథకుఁ దొడఁగిరి. పిమ్మట ఆనందగజపతి యాదరమునకుఁ బాత్రులైరి. 1919లో విజయనగరమున సంగీతకళాశాల స్థాపింపఁబడఁగా దానికిఁ బ్రథమాధ్యక్షులై 1936 వఱకు నా పదవియం దుండిరి. 1945 జనవరి 2వ తేదీని బరమపదించిరి. హరికథాపితామహులని వారికిఁ గల ప్రసిద్ధి యందఱెఱిఁగినదే. ఈ వ్యాసమునకుఁ బ్రస్తుతము వారు చేసిన వేఱొక పని.

దాసుగారు లలితాసహస్రనామమును ‘తల్లివిన్కి’ యను పేరను, విష్ణుసహస్రనామమును ‘వెన్నుని వేయిపేర్ల వినకరి’ యను పేరను అచ్చతెలుఁగునకుఁ దెచ్చిరి. ఋక్కులు కొన్నింటిని గూడ అచ్చతెలుఁగు చేసి గానమున కనువుగా స్వరపఱచి ‘మ్రొక్కుబడి’ యని పేరిడిరి. ‘గౌరప్ప పెండ్లి’ యను హరికథను గూడ అచ్చతెలుఁగుననే రచించిరి. ఆంగ్ల పారసీక సాహిత్యములను జదివిన యీ బహుభాషావేత్త, ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునకును అచ్చతెలుఁగునకును దెచ్చినవాఁడు, సహస్రనామములను దెలిఁగించుటలో నుద్దేశ మేమి?

సహస్రనామములకు వ్యాఖ్యలు లేకపోలేదు. లలితానామములకు భాస్కరరాయల సౌభాగ్యభాస్కరమును, విష్ణునామములకు శంకరుల పేరఁ బ్రసిద్ధమైన భాష్యమును, పరాశరభట్టుల భగవద్గుణదర్పణమును గలవు. ఇవి మహోత్కృష్టములు. కాని వ్యాఖ్య ప్రార్థనకుఁ బ్రక్కన నుండును, ప్రార్థన కాదు. వ్యాఖ్య చదువునపుడు ప్రార్థింపము, ప్రార్థించునపుడు వ్యాఖ్య చూడము. ఈ యెడమును దొలఁగింపవలెనన్న నర్థమే మరల ప్రార్థనరూపమును బొందవలెను, నాలుకకు నెక్కవలెను, రాగమునకు లొంగవలెను. దాసుగారు చేసిన దిదియే. సంగీతజ్ఞులు గనుక నర్థమును గద్యముగాఁ జెప్పి యూరకుండలేదు. ఆ పేరులు పలుకువాని తల్లిభాషలోనే పేరులై నిలుచునట్లు చేసిరి. మిష్నాకర్త లే భాషలోనైనఁ జెప్పవచ్చునన్న తెగకు మన సీమనుండి యింతకన్న సాహసోపేతమగు నుదాహరణము నే నెఱుఁగను.

స్తుతించుటతో విమర్శకుని పని తీఱదు. అచ్చతెలుఁగు తెలుఁగువారికి సులభ మనుట భ్రాంతి. దయ, దేవి, లోకము అను తత్సమములు పల్లెలయందును వాడుకలో నున్నవి. వానికి బదులుగాఁ గూర్చిన దేశ్యశబ్దములు పెక్కు పండితులకే యపరిచితములు. దాసుగారు ‘సీమపల్కువహి’ యను అచ్చతెలుఁగు నిఘంటువును గూర్చుటయే యీ కష్టమునకు సాక్ష్యము. అర్థమును దెలుపవచ్చిన గ్రంథమున కర్థము చెప్పు గ్రంథము కావలసివచ్చెను. అంతియకాదు, సహస్రనామములందలి యొక్కొక్క నామము సమాసభేదమువలన రెండుమూఁడర్థములను దాల్చును; తెలుఁగు మాట వానిలో నొక్కదానినే పట్టఁగలదు. కావునఁ దల్లివిన్కి మూలమునకు బదులు కాఁజాలదు. మూలమును బ్రేమింపఁజేయు తోడు కాఁగలదు. ఇంటింటఁ బారాయణ గ్రంథముగా నది వ్యాపింపకపోవుట యాశ్చర్యకరము కాదు.

దాసుగారు ప్రార్థన కర్థమును గల్పించిన నిజమైన స్థలము వేఱొకటి కలదని నా యభిప్రాయము. అది హరికథావేదిక. అక్కడ కాలికి గజ్జె, చేతఁ జిఱుతలు. సంస్కృతశ్లోకము చదువుదురు, తేటతెలుఁగున దాని భావము చెప్పుదురు, వెంటనే కీర్తనలో నా భావమునే పాడుదురు. శ్రోతకు శబ్దము, అర్థము, రాగము నొక్క రాత్రిలో నొక్కచోట లభించును. ఇందుకు నా యింటనే ప్రమాణ మున్నది. మా తల్లి లలితాసహస్రనామమును నిత్యము పారాయణము చేసెడిది. సంస్కృత మెఱుఁగదు. అర్థమెఱుఁగని పారాయణము వ్యర్థమని శాస్త్రము చూపి నేను యౌవనగర్వమున నొకనాఁ డామెతో నంటిని. ఆమె కోపింపలేదు. “నాయనా! అమ్మవారు భండాసురుని జంపిన కథ మా పుట్టినింటివారి వీధిలో హరికథలో విన్నాను. ఆ పేరులు వచ్చినపుడు ఆ దాసుగారి గజ్జెల చప్పుడు వినఁబడుచునే యుండును” అనెను. ఆ దాసుఁ డెవరో యామె యెఱుఁగదు. నారాయణదాసుగారి పద్ధతి నడచిన యనేకులలో నొకఁడు గావచ్చును. ధాతుప్రత్యయము లెఱిఁగిన నాకు లేని యర్థము, అవి యెఱుఁగని యామెకుండెను. ఆమె ప్రార్థన యాత్మనేపదము, నాది కాదు.

కాఁబట్టి యర్థజ్ఞానమనఁగాఁ బదవిభాగజ్ఞానమాత్ర మని తలఁచుట పండితులమగు మన పొరపాటు. యాస్కుఁడు మోసిన పక్షమును బట్టి సామాన్యభక్తుని నిందించుట మఱింత పొరపాటు. హిర్షు శబ్దమును గదలింపక యర్థమును దెఱచెను. దాసుగారు శబ్దమును మార్చి యర్థమును నాలుక కెక్కించిరి. హరికథలో శబ్దార్థములు రెండింటిని గలిపి చూపిరి. మంత్రమున కొకటవ పద్ధతి తగును. దాని స్వరము నర్థాధీన మని ముందే చూచితిమి గనుక మార్పరాదు, వివరింపవలెను. స్తోత్ర కీర్తనాదులకు రెండవ పద్ధతి తగును. ఏ భాషలోనైనఁ జెప్పవచ్చునవి, మూలభాషలోనే చెప్పవలసినవి యని రబ్బీలు చేసిన విభాగము మనకును నుపకరించును.

ఈ ప్రశ్నము తెలుఁగునాట నిప్పుడు మఱియొక ద్వారమునఁ గూడ వినఁబడుచున్నది. గుంటూరు సీమలోఁ జేబ్రోలు ప్రాంతమునఁ దమ్ముఁ దాము ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొనుచు యూదమతము నాచరించు తెలుఁగు కుటుంబములు కొన్ని కలవు. 1991లో వారక్కడఁ బ్రార్థనామందిరమును గట్టుకొనిరి. వారింటిభాష తెలుఁగు, ప్రార్థనాభాష హీబ్రూ. రెండింటిని గలిపి ప్రార్థించుచున్నారు. మన యగ్రహారబాలుఁడు సంస్కృతమునెదుట నెట్లు నిలుచునో, ఆ కుటుంబములలోని బాలుఁడు హీబ్రూనెదుట నట్లే నిలుచును. నా మేనల్లుఁ డడిగిన ప్రశ్నమునే వాఁడును దన పెద్దల నడుగఁగలఁడు.

ఈ పత్రికను జదువు పాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. మనలో ననేకులము బడిలో శబ్దములు, ధాతువులు వల్లింపించుచు, ఇంటికి వచ్చి ఉపనయనములు చేయించుచున్నవారము. బాలునికి మంత్రముపదేశించిన దినముననే దాని తాత్పర్యమును బది మాటలలోఁ దెలుఁగునఁ జెప్పుటకుఁ బెద్ద గ్రంథ మక్కఱలేదు. సంకల్పముననే దేశకాలములను జెప్పుచున్నామనియు, నీ వున్నచోటు నీవు నిలిచిన దినము నిందున్నవనియుఁ జూపినచో వాఁడు తల యెత్తి వినును. విజయనగర ప్రభువులు నాలుగు సంపుటముల భాష్యమునకు వెచ్చించిన ద్రవ్యమున కదియే సార్థక్యము.

నా మేనల్లునికి నేను సమాధానము మఱుసటినాఁడు చెప్పితిని. అరసవల్లి సూర్యనారాయణస్వామి మందిరమునకుఁ గొనిపోయి, తిరిగివచ్చుత్రోవలో నాగావళి గట్టుమీఁదఁ గూర్చుండఁబెట్టి, “ఒక్క నీ బుద్ధిని గాదు, ‘మా బుద్ధులను’ నడుపుమని యడుగుచున్నావు, అందులో నీ తోడివారందఱును, నేనును గలము” అంటిని. బాలుఁ డాలోచించి, “అయితే నీకొఱకుఁ గూడ నేను రోజు నడుగుచున్నానా, మావయ్యా?” అనెను. ఔనంటిని. ఆ సాయంకాలము మే మిరువురము నొక్కచోటఁ గూర్చుండి సంధ్య వార్చితిమి. నాకు నలువది యేండ్లకుఁ బైఁబడి యలవాటైన మంత్రము. ఆనాఁడు దానిని జపించుట కెప్పటికంటె నెక్కువకాలము పట్టెను.